బేతెస్ద మంటపములును దారుల్ షిఫాయును

ధ్యాన భాగము: యోహాను సువార్త 5వ అధ్యాయము, 1 మొదలు 9 వచనములు



పైని చూపిన వచనములను మొదట మీ ఇంటివారితో కలిసి చదువుకొనుడి. చదువను రానివారు పిల్లల చేత చదివించుకొని వినుడి. ఆ తరువాత ఈ పుట చూడవచ్చును. మేము ఈ నెల వ్రాయుచున్నది ఒక విహారయాత్రను గూర్చియే అయినను, అది ఆ మంటపముల యొద్దకే వచ్చి నిలిచినది.

క్రిస్మసు పండుగయు, నూతన సంవత్సరపు ఆరాధనయు ముగిసిన పిమ్మట, గూడూరు చుట్టుపట్ల గ్రామములవారము కొందరము కూడి హైదరాబాదు చూచి రావలెనని తలచి ఒక బస్సు మాట్లాడుకొంటిమి. ఎవరి ఖర్చు వారే పెట్టుకొనిరి. సంఘపు సొమ్ములో ఒక్క రూపాయియైనను ముట్టలేదు. ఈ మాట ముందుగా చెప్పుట మంచిదని పెద్దలు చెప్పినందున చెప్పుచున్నాము. స్త్రీలు ముందటి రాత్రి జొన్నరొట్టెలు కాల్చి, పచ్చడి నూరి, చిత్రాన్నము కలిపి గంపలకెత్తిరి. తెల్లవారక మునుపే బయలుదేరితిమి. బయలుదేరునప్పుడు ఒక సంగతి జరిగెను. అది అప్పుడు మాకు చాల చిన్నదిగా తోచెను. దానిని తరువాత చెప్పెదము.

కర్నూలు దాటి, తుంగభద్ర వంతెన దాటి, ప్రొద్దెక్కు వేళకు పట్టణము చేరితిమి. చార్మినారు చూచిన తరువాత మూసీ నది దక్షిణపు గట్టున ఉన్న సాలార్ జంగ్ మ్యూజియమునకు పోతిమి. మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడవ సాలార్ జంగ్ అనబడిన ప్రభువు, పెండ్లి లేక బిడ్డలు లేక, తన ఐశ్వర్యమంతయు వెచ్చించి దేశదేశముల వస్తువులను కొని కూర్చెను. 1949లో ఆయన చనిపోయిన తరువాత, 1951 డిసెంబరు 16వ తేదీన నెహ్రూగారు ఆ సంపదను ప్రజలు చూచుటకు తెరచిరి. మొదట అది దివాన్ దేవిడీలో ఉండెను. ఇప్పుడున్న భవనమునకు 1968లో మార్చిరి. లోపల ఒక గడియారమున్నది. గంట గంటకు ఒక చిన్న గడ్డపు మనిషి తలుపు తీసికొని వచ్చి గంట కొట్టి పోవును. దానిని చూచుటకు జనము నేలమీద కూర్చుండియు, నిలుచుండియు, ఊపిరి బిగబట్టి యెదురుచూచుచుందురు. మా పిల్లలు అక్కడనుండి కదలక పోయిరి. పెద్దలమును కదలలేదని ఒప్పుకొనుచున్నాము.

అక్కడ అందరును చూడవలెనని చెప్పునది ముసుగు వేసికొన్న రిబ్కా బొమ్మ. రోమా నగరపు శిల్పియైన బెంజోని దానిని తెల్లని చలువరాతితో చెక్కెను. మొదటి సాలార్ జంగ్ 1876లో రోమాకు పోయినప్పుడు కొని తెచ్చెను. ముఖము మీద పలుచని ముసుగు జారియున్నట్లును, దాని క్రింద కన్నులు, ముక్కు, పెదవులు కనబడుచున్నట్లును ఉండును. ముసుగును రాయియే, ముఖమును రాయియే. నిజముగా ఆ చేతిపని ఆశ్చర్యము. విగ్రహములు చూచుటకు పోయితిరా అని మమ్మును అడుగువారు ఉందురు. మ్రొక్కుటకు పోలేదు, చూచుటకు పోతిమి. దేవుడు బెసలేలు చేతులకు పనితనము నిచ్చెనని నిర్గమకాండములో చదువుచున్నాము గదా.

అయితే ఆ బొమ్మ ఎదుట నిలిచినప్పుడు మాలో ఒకామె మెల్లగా ఒక ప్రశ్న వేసెను. ఈమె కడవ యెక్కడ? ఆదికాండము 24వ అధ్యాయము జ్ఞాపకము తెచ్చుకొనుడి. అబ్రాహాము దాసుడు పది ఒంటెలతో వచ్చి బావి యొద్ద నిలిచెను. ఆ చిన్నది అతనికి నీళ్లిచ్చి, అడుగకుండగనే ఒంటెలకును చేదెదనని చెప్పెను. బాగా దప్పిగొన్న ఒంటె ఒక్కసారి 100 లీటర్ల వరకు త్రాగగలదందురు. అందులో సగమే త్రాగినదనుకొన్నను పది ఒంటెలకు 500 లీటర్లు కావలెను. మన ఇండ్లలోని బిందెతో లెక్కించినయెడల 40 బిందెల పైమాట. వేసవిలో బోరింగు కాడ వరుసలో నిలుచుండు మన ఆడబిడ్డలకు ఈ లెక్క మేము చెప్పనక్కరలేదు. ఆమె ముసుగు వేసికొన్నది ఇస్సాకు కనబడినప్పుడు మాత్రమే, అది అధ్యాయపు చివర. అంతకు ముందంతయు ఆమె పరుగులెత్తుచున్నదే. శిల్పికి ముసుగు నచ్చెను, లోకమునకును అదే నచ్చెను. ఎవరో తెలియని బాటసారి కొరకు చెమటలు కార్చిన ఆమె చేతులను చూచుటకు ఎవరును టిక్కెట్టు కొనుటలేదు.

బయటికి వచ్చి టీ త్రాగుచున్నప్పుడు మాలోని ఒక యౌవనుడు అంగడిమీది బోర్డు చదివి, "దారుల్ షిఫా అంటే ఏందన్నా?" అని టీ పోయుచున్న పెద్దాయన నడిగెను. ఆయన నవ్వి, "షిఫా అంటే జబ్బు నయమగుడు బేటా. దార్ అంటే ఇల్లు. ఇది దవాఖానా ఉన్న జాగా. రాజుల కాలం దవాఖానా" అని చెప్పెను. ఎంత దూరమని అడుగగా, నడచి పోవచ్చునని దారి చూపెను. ఉదయము నుండి మేము తిరుగుచున్న పేట అంతటికిని ఆ ఆసుపత్రి పేరే పెట్టబడియుండగా, మేము దానిని ఎరుగక బొమ్మలు చూచుచుంటిమి.

ఆ ఆసుపత్రిని 1595లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించెను. పట్టణమునకు పునాది వేసినది 1591లో. అనగా చార్మినారు లేచిన నాలుగేండ్లకే రోగుల కొరకు ఇల్లు లేచినది. ఈ సంగతి మాకు మిక్కిలి నచ్చెను. క్రొత్తగా ఊరు కట్టువాడు మొదట కోట కట్టుకొనును, ఖజానా కట్టుకొనును. ఈయన త్వరలోనే రోగిని తలచెను. నడుమ విశాలమైన ముంగిలి, దాని చుట్టు రెండంతస్తుల గదులు, కమానుల వరుసలు. అక్కడ యునానీ హకీములు వైద్యము చేయుటయే గాక, శిష్యులకు వైద్యము నేర్పుచుండిరి. యునానీ అనగా గ్రీకుల వైద్యము. గ్రీసు దేశములో పుట్టి, అరబ్బులు, పారసీకుల చేతులగుండ మన దేశమునకు వచ్చినది. లూకా వైద్యుడు నేర్చినదియు బహుశః దాని పూర్వరూపమే అయి యుండునని మా తలంపు.

ఇప్పుడు అక్కడ వైద్యము లేదు. ఎన్నో ఏండ్ల క్రిందటనే ఆగిపోయినది. ముంగిలిలో షియా ముసల్మానుల ఆషుర్ఖానా ఉన్నది, వారు మొహర్రము దినములలో అక్కడ కూడుదురు. పాత కట్టడము చాలవరకు శిథిలమైయున్నది. గదుల వరుసను చూచుచు, ఒక్కొక్క కమాను క్రింద ఒక్కొక్క మంచము ఉండెనేమో అనుకొంటిమి. అక్కడ పండుకొన్నవారు ఎవరో, వారికి గంజి త్రాగించినవారు ఎవరో ఒక్కరి పేరును మిగులలేదు. మిగిలినది పేట పేరు మాత్రమే.

ఇట్టి ఇండ్లు మన దేశమున అంతకు ముందును ఉండెను. కాంచీపురము దగ్గర తిరుముక్కూడల్ అను గ్రామములోని గుడి గోడ మీద 1069 నాటి చోళుల శాసనమున్నది. 15 పరుపులు గల ఆసుపత్రికి ఒక వైద్యుని, ఒక శస్త్రవైద్యుని, మూలికలు తెచ్చువారిద్దరిని, రోగులకు పరిచర్య చేయు స్త్రీలిద్దరిని ఏర్పరచి, ఎవరికి ఎన్ని వడ్లో అందులో చెక్కించిరి. రాజుగారి బిరుదుల నడుమ ఆ ఇద్దరు స్త్రీల కూలి కూడ రాతి కెక్కినది. అట్లే రుద్రమదేవి కాలమున, 1261లో, గుంటూరు సీమలోని మల్కాపురపు శాసనము ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, అందరికిని అన్నము పెట్టు సత్రమును పేర్కొనుచున్నది. మన గ్రామములవారు మిరపకాయలు కోయుటకు పోవు గుంటూరు సీమయే అది. దేవుని కనికరము మన మిషను ఆసుపత్రులతోనే ఈ దేశములో మొదలైనదని కొన్నిసార్లు మనము మాటలాడుచుందుము. అది సరికాదు. ఆయన తనకు సాక్ష్యము లేకుండ చేయలేదని అపొస్తలుడు లుస్త్రవారితో చెప్పిన మాట (అపొ. కార్య. 14వ అధ్యాయము) ఇక్కడ తలచుకొనవలెను.

ఆ సాయంకాలము బసలో మేము కుటుంబ ప్రార్థనకు కూర్చుండినప్పుడు, వరుసగా చదువుచు వచ్చిన భాగము యోహాను 5వ అధ్యాయమాయెను. ఎవరును కోరి యెన్నుకొనలేదు. బేతెస్ద అను పేరునకు కనికరపు ఇల్లు అని అర్థము. చదువుచున్న అయ్య ఆ మాట వివరించి, ఒక్క నిమిషము ఆగెను. కనికరపు ఇల్లు, స్వస్థతల ఇల్లు. రెండింటిని మేము ఒక్క దినముననే చూచినట్లాయెను.

ఆ కోనేరు ఇప్పుడును యెరూషలేములో ఉన్నది. పరిశుద్ధ అన్నా పేరిట గల దేవాలయము ప్రక్కన నేల త్రవ్వినప్పుడు బయటపడినది. యోహాను అయిదు మంటపములని వ్రాసినందుకు, అయిదు పక్కలు గల కోనేరు ఎక్కడనైన ఉండునా అని పూర్వము కొందరు పండితులు ఎగతాళి చేయుచుండిరి. త్రవ్వి చూడగా రెండు కోనేళ్లు ప్రక్కప్రక్కన ఉండెను. చుట్టు నాలుగు ప్రక్కల నాలుగు మంటపములు, రెండింటి నడుమనున్న గట్టు మీద అయిదవది. ఎగతాళి ఆగెను. నేడు యాత్రికులు వచ్చి, పైనుండి వంగి ఆ గోడలను చూచి, ఫొటోలు తీసికొని పోవుదురు. బేతెస్దయును చూడదగిన స్థలమాయెను.

ఇప్పుడు ఆ వచనములలోనికి పోవుదము. అది యూదుల పండుగ కాలము. ఆ కోనేరు దేవాలయమునకు ఉత్తరపు ప్రక్క, కూతవేటు దూరములో ఉన్నది. పండుగకు వచ్చిన జనము దేవాలయమునకు పోవుచు ఆ దారిని నడచుచుండెను. గొర్రెలు, పిల్లలు, మూటలు, కీర్తనలు. మంటపములలో గ్రుడ్డివారు, కుంటివారు, ఊచకాలు చేతులవారు గుంపులుగా పడియుండిరి. పండుగ దారి వారి ప్రక్కనుండియే పోవుచుండెను. ఆ మనుష్యునికి 38 ఏండ్ల నుండి జబ్బు. ఇశ్రాయేలీయులు కాదేషు బర్నేయ నుండి జెరెదు వాగు దాటువరకు తిరిగిన కాలమును అంతే, ద్వితీయోపదేశకాండము 2వ అధ్యాయము చూడుడి. ఒక తరమంతయు గతించు కాలము. అన్ని ఏండ్లలో అతని ప్రక్కనుండి ఎన్ని పండుగలు నడచి పోయినవో!

ప్రభువును పండుగకే వచ్చెను. కాని ఆయన దారి తొలగి మంటపములోనికి పోయెను. అతడు పడియుండుట చూచెను, చాలకాలము నుండి అట్లున్నాడని ఎరిగెను, స్వస్థపడ గోరుచున్నావా అని అడిగెను. ఆ రోగి అవునని గాని కాదని గాని చెప్పలేదు. నీళ్లు కదలినప్పుడు తనను దింపుటకు మనిషి లేడనియు, తాను ప్రాకుచు పోవులోగా మరియొకడు ముందు దిగుచున్నాడనియు చెప్పుకొనెను. కొందరు బోధకులు ఇక్కడ ఆ రోగిని గద్దింతురు. విశ్వాసము లేక సాకులు చెప్పుచున్నాడందురు. మాకట్లు తోచదు. అతడు నిజమే చెప్పెను. అతని వ్యాధి కాళ్లలో ఉండెను గాని అతని దుఃఖము కాళ్లను గూర్చినది కాదు. నీళ్లున్నవి, మంటపమున్నది, కనికరము అను పేరున్నది. మోయువాడు లేడు.

చదువుట ముగిసెను. ప్రార్థన చేయుమని ఒకరిని అడుగగా ఆయన నోరు తెరువలేదు. అప్పుడు మాలో నలుగురైదుగురికి ఒక్కసారి ఆ ఉదయపు సంగతి జ్ఞాపకము వచ్చెను. దానిని ఇప్పుడు చెప్పవలెను.

మన గ్రామములలో సుగ్గి యనగా ఏమో ఈ పత్రిక చదువువారికి చెప్ప పనిలేదు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వైపు నుండి మన వైపు వరకు, వానలు తప్పిన యేట సంక్రాంతి ముందు వెనుకల ఇండ్లకు తాళములు పడును. భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు మూటలు కట్టుకొని గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకు పోవుదురు. ఉగాది వరకు తిరిగి రారు. ఆదివారము గుడిలో సగము చాపలు ఖాళీగా ఉండును. ఊరిలో మిగులువారు ముసలివారు, బడికి పోవు పిల్లలు. మా సంఘములో అట్లు మిగిలిన ఒక అవ్వ ఉన్నది. ఇద్దరు కొడుకులును సుగ్గికి పోయిరి. ముందటి సాయంకాలము కొళాయి కాడ జారిపడి లేవలేకపోయెను.

బస్సు కదలబోవుచుండగా ఆ అవ్వ పొరుగింటామె చీకటిలో వచ్చి, "అయ్యగారూ, అవ్వ కాలు కదపలేకుండా ఉంది, రాత్రంతా మూలుగుతానే ఉంది. మీ బస్సు కర్నూలు మీదనే గదా పోయేది. ఆసుపత్రి కాడ దింపి పోండి" అని బతిమాలెను. మేమేమి చెప్పితిమి? బస్సు నిండిపోయినదని చెప్పితిమి. అవ్వను పండబెట్టి తీసికొని పోవలెననిన చోటు లేదంటిమి. ఆసుపత్రిలో ఎవరుండవలెనని అడిగితిమి. మూడు దినములలో వచ్చెదము, వచ్చి చూతుమని చెప్పి, ప్రార్థన చేసితిమి. అవును, ఆమె ఎదుటనే, అవ్వ కొరకు ప్రార్థన చేసి బస్సు ఎక్కితిమి. బస్సు వెనుక సీటు మీద రొట్టెల గంపలును, మంచినీళ్ల క్యానులును ఉండెను.

ఆ రాత్రి బసలో ఎవరికిని సరిగా నిద్రపట్టలేదు. ఊరికి ఫోను చేయగా ఎవరును ఎత్తలేదు. మరునాడు గోలకొండ చూచుట మాని తిరిగి పోవుదమని కొందరు, ఇచ్చిన డబ్బులు పోవునని కొందరు వాదించిరి. చివరకు మధ్యాహ్నమునకు బయలుదేరితిమి. గోలకొండ సగమే చూచితిమి. ఇదియు దాచక వ్రాయుచున్నాము.

మూసీ వంతెన దాటుచున్నప్పుడు ఎదుట గట్టున ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటములు కనబడెను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి పట్టణమును ముంచినప్పుడు, అక్కడి ఆసుపత్రి తోటలోని చింతచెట్టు నెక్కి 150 మంది వరకు ప్రాణము దక్కించుకొనిరి. ఆ మహా భవనమునుండియు 2020లో వానకు నీరు చొచ్చినందున రోగులను వేరు కట్టడములకు తరలించిరి. ఇండ్లు ముసలివగును. రోగము మాత్రము ఎప్పటికప్పుడు క్రొత్తదిగా పుట్టుచుండును.

బస్సులో ఒక ఉపాధ్యాయుడు తాను చదివిన సంగతి యొకటి చెప్పెను. ఫ్రాన్సు దేశములో బోన్ అను పట్టణమున 1443లో నికొలా రోలెన్ అను మంత్రియు, ఆయన భార్య గిగోన్ అనునామెయు బీదరోగుల కొరకు ఒక ఆసుపత్రి స్థాపించిరి. 1452 జనవరి 1న మొదటి రోగి చేరెను. 1971 వరకు, అనగా 500 ఏండ్లకు పైగా, అక్కడ రోగులు పడుకొనుచునే యుండిరి. ఇప్పుడది మ్యూజియము. పొడవైన శాలలో రెండు వరుసల మంచములు, ఎఱ్ఱని దుప్పట్లు పరచి, ఎఱ్ఱని తెరలు కట్టి, చక్కగా సర్దియుంచిరి. వాటిమీద ఎవరును పండుకొనరు.

ఆ శాల చివరను, మంచముల మీదనుండి రోగులు ఆరాధనలో పాలుపొందుటకు వీలుగా, ప్రార్థన స్థలముండెను. అక్కడ రోజియర్ వాన్ డెర్ వెయ్‌డెన్ అను చిత్రకారుడు వ్రాసిన అంత్యదినపు తీర్పు పటమును నిలిపిరి. మధ్య ప్రభువు ఇంద్రధనుస్సు మీద కూర్చుండును. క్రింద ప్రధానదూత త్రాసు పట్టుకొని మనుష్యులను తూచుచుండును. త్రాసు సంగతి మన సంఘముల బోధకు సరిపడదు. క్రియలను తూచి ఎవరినిగాని రక్షింపరని, కృపచేతనే రక్షణయని మనము నేర్చుకొంటిమి. మంచిది. కాని ప్రభువు కిరుప్రక్కల మత్తయి 25వ అధ్యాయములో రాజు పలుకు రెండు తీర్పుల మాటలు లాటిను భాషలో వ్రాయబడియున్నవి. ఆ అధ్యాయము మన బైబిలులోను ఉన్నది. రోగినై యున్నప్పుడు చూడవచ్చితిరా లేదా అను ప్రశ్న అందులోనిదే. చావునకు దగ్గరైన రోగికి అంత భయంకరమైన పటమును ఎందుకు చూపిరని మాలో ఒకామె అడిగెను. ఉపాధ్యాయుడు కొంచెమాలోచించి, మంచముల నడుమ గంజి గిన్నెలతో తిరుగువారును దానిని ప్రతిదినము చూచుచుండిరి గదా అనెను. ఆ తరువాత బస్సులో కర్నూలు వరకు పాటలు లేవు.

ప్రభువు చూచెనని యోహాను వ్రాసెను. మేమును ఆ దినములలో చూచుచునే యుంటిమి. రాతి ముసుగును చూచితిమి, గడియారమును చూచితిమి, పడిపోయిన కమానులను చూచితిమి. చూచినవాటికి టిక్కెట్లు దాచుకొంటిమి. మన సంఘమును ఇట్లే చూడదగిన స్థలమగుచున్నదా అను భయము మమ్మును పట్టుకొన్నది. బలిపీఠము మీద మంచి గుడ్డ పరచియున్నది, గోడ మీద మంచి కాపరి పటమున్నది, సున్నము క్రొత్తది. కీర్తనలు బాగుగా పాడుదుము. పరుపులు ఎఱ్ఱగా సర్దియున్నవి.

కర్నూలులో ఆగక ఊరికే పోతిమి, అవ్వ ఊరిలోనే యుండునని తలచి. ఆమె గుడిసెకు తాళము. పొరుగింటామె మా ముఖము చూడక, పొయ్యి ఊదుకొనుచు చెప్పినది. మా బస్సు పోయిన అరగంటకు, కర్నూలు దారిని ఆటో తోలుకొను సాయిబు ఒకడు కిరాయి కొరకు వచ్చి, మూలుగు విని, లోపలికి పోయెను. అవ్వను బొంతతో సహా ఎత్తి, ఆటో వెనుక పండబెట్టి, ఆమెను ఒరిగి పడకుండ పట్టుకొనుమని ఈ పొరుగింటామెను కూర్చుండబెట్టి తీసికొని పోయెను. ఆ దినపు కిరాయిలన్నియు మానుకొని, అవ్వను చేర్చుకొను వరకు ఉండెను. తుంటి యెముక విరిగినదట.

మరుసటి దినమున కర్నూలుకు పోతిమి. అవ్వ మంచము తల దగ్గర తగిలించిన కాగితములలో తోడు వచ్చినవారి పేరు వ్రాయు చోట ఆ సాయిబు పేరున్నది. సంబంధము అను గడిలో, కొడుకు అని వ్రాయబడియున్నది. లూకా 10వ అధ్యాయము మీద మేము ఎన్ని ప్రసంగములు చేసియుందుమో, లెక్కలేదు.

అవ్వ మమ్మును నిందించునేమో అనుకొంటిమి. ఆమె మా చేతులలోని అరటిపండ్లను చూచి, "ఏం నాయనా, ఐద్రాబాదులో ఏమేం జూసినారు?" అని అడిగెను. ఏమి చెప్పుటకును నోరు రాలేదు. చివరకు ఒకామె, రిబ్కమ్మ బొమ్మను చూచినామవ్వా, పాలరాతి బొమ్మ, మొగము మీద ముసుగు భలే చెక్కినాడని చెప్పెను. అవ్వ కొంతసేపు కండ్లు మూసికొని, "ఒంటెలకు నీళ్లు తోడిన పిల్ల గదా ఆ పాప. మొగం మీద ముసుగేసుకుంటే బాయి మెట్లు ఎట్లా దిగింది?" అనెను. ఆమెకు చదువు రాదు. గుడిలో విన్నదే. ఆ నొప్పిలోనే ఒకింత నవ్వెను కూడ.

ఆమెకు శస్త్రచికిత్స అయినది. కొన్ని వారములు ఆసుపత్రిలో ఉండవలెననియు, రాత్రులు తోడు ఒకరు తప్పక ఉండవలెననియు నర్సమ్మ చెప్పినది. కొడుకులకు కబురు పంపితిమి. చిన్నవాడు వచ్చి చూచి, తీసికొన్న అడ్వాన్సు తీరలేదని కన్నీళ్లు పెట్టుకొని మరల పోయెను. వానిని తప్పుపట్టు హక్కు మాకు లేదు. ఆటో సాయిబునకు కిరాయి ఇయ్యబోగా తీసికొనలేదు. అవ్వ ఇంటికి వచ్చు దినమున ఫోను చేయుమని మాత్రము చెప్పెను.

కావున సుగ్గికి పోక గ్రామములలో మిగిలియున్న మేము కూడి ఒక కాగితము వ్రాసి గుడి తలుపు ప్రక్కన అంటించితిమి. ఒక ప్రక్క, అవ్వ యొద్ద ఏ రాత్రి ఎవరు ఉందురో వారి పేర్లు. రెండవ ప్రక్క, ఈ ఉగాది వరకు ఒంటరిగా నున్న ముసలివారి ఇండ్లు, ఏ పూట ఎవరు పోయి నీళ్లు పట్టి, పొయ్యి వెలిగించి, మందులు చూచి వత్తురో వారి పేర్లు. మన సంఘమువారి ఇండ్లే గాక ఆ వీధిలోని మిగతావారి ఇండ్లును వ్రాసితిమి. దానిని గూర్చి కొంచెము వాదన జరిగెను గాని, ఆటో సాయిబు మాట వచ్చిన తరువాత ఆగిపోయెను. బస్సు చార్జీలకు ఆదివారపు కానుకలో నుండి కొంత తీయుటకు పెద్దలు ఒప్పుకొనిరి.

రెండవ ప్రక్క నిండినది. మొదటి ప్రక్కన ఆదివారము మొదలు బుధవారము వరకు పేర్లున్నవి, శుక్ర శనివారములకును ఉన్నవి. గురువారపు రాత్రికి ఇంకను పేరు లేదు.